ఇంటి బీరుకి ఏ నీళ్లు? బోరు నీళ్లు సరిచేసుకోవాలా, ఆర్వో నీళ్లలో ఉప్పులు కలుపుకోవాలా?

చీపురుపల్లి_కుర్రాడు | జనవరి 17, రాత్రి 9:40

కనుమ నాడు మా ఇంట్లో మొదలైన తగువు ముక్కనుమకి కూడా తెగలేదు. మీ ముందు పెడుతున్నాను, ఎవరో ఒకరు తేల్చండి.

మా మావయ్యకి ఊళ్లో వాటర్ ప్లాంటు ఉంది. ఆయన కొడుకే మా బావ, ఒహాయోలో ఉద్యోగం. అక్కడ గ్యారేజీలో సొంతంగా బీరు చేసుకుంటాడు, ఏడేళ్ల సరదా. పండక్కి వచ్చాడు. గారెలూ నాటుకోడీ అయ్యాక మా పెరటి బోరు నీళ్లు గ్లాసుడు తాగి, "ఈ నీళ్లు మా ఊళ్లో ఉంటే నేను ఆర్వో మిషన్ కొనేవాణ్ణే కాదు, కాస్త సరిచేస్తే చాలు" అన్నాడు. మావయ్యకి చుర్రుమంది. "బోరు నీళ్లు స్నానానికీ మొక్కలకీ. నోట్లోకి వెళ్లేది ఏదైనా ఆర్వోతో మొదలవ్వాలి. ఆ తరవాత నీకు కావలసింది నువ్వు కలుపుకో" అన్నారు. అప్పట్నుంచి తండ్రీ కొడుకులు ఉప్పూ నిప్పూ.

మా బోరు నీళ్లకి పోయిన నవంబరులో ల్యాబ్ టెస్టు చేయించాం. అంకెలు ఇవి: టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) 560, మొత్తం కఠినత్వం 380, క్షారత 340, కాల్షియం 84, మెగ్నీషియం 41, క్లోరైడు 92, సల్ఫేటు 28. అన్నీ లీటరుకి మిల్లీగ్రాములు. పీహెచ్ 7.6. ఐరన్ లేదన్నారు.

ఎవరు రైటు?

మూడులాంతర్లు | జనవరి 17, రాత్రి 10:15

మావయ్య గారే రైటు, ఇందులో చర్చేముంది? బీరులో 90 శాతం పైన నీళ్లే. ముగ్గు వేసే ముందు వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లుతాం కదా, ఆర్వో అదే పని. ఊడ్చిన వాకిట్లో నీకు నచ్చిన ముగ్గు వేసుకో. బోరు నీళ్లతో మొదలుపెడితే నిన్నటి ముగ్గు మీద ఇవాళ్టి ముగ్గు వేసినట్టే.

పైగా నవంబరు రిపోర్టు మే నెలకి పనికిరాదు. విజయనగరంలో మా కంటోన్మెంటు వైపు బోరు వానాకాలం తర్వాత ఒక రుచి, ఎండాకాలం ఇంకో రుచి. ప్రతిసారీ ల్యాబ్‌కి పరిగెడతావా? విశాఖలో ఉద్యోగం చేస్తాను, బెంగళూరులో మైక్రోబ్రూవరీ నడిపే స్నేహితుడున్నాడు. వాళ్లది ఆర్వో ప్లస్ ఉప్పులే.

నాగావళి_గట్టు | జనవరి 18, ఉదయం 6:05

బాబూ, ముప్ఫై ఏళ్లు ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. బీరు సంగతి నాకు పుస్తకంలో తెలిసిందే తప్ప గ్లాసులో తెలిసింది తక్కువ. నీళ్ల సంగతి మాత్రం చెప్పగలను.

ముందు ఆ టీడీఎస్ అనే మాట పక్కన పెట్టండి. ఆ పెన్నులాంటి మీటరు నీళ్లలో కరెంటు ఎంత పారుతోందో చూసి ఒక అంకె చూపిస్తుంది, అంతే. సంచి తూచి, లోపల ఉన్నవి బియ్యమో ఉప్పో చెప్పమంటే ఎలా? భోగాపురం దగ్గర సముద్రం పక్క బోరులో 560 ఉంటే అందులో ఎక్కువ భాగం మామూలు ఉప్పు కావచ్చు. మీ బోరులో 560లో పెద్ద వాటా బైకార్బొనేటు. రెండూ ఒకే అంకె, రెండు వేరే నీళ్లు.

మీ రిపోర్టులో చూడవలసినది క్షారత, అంటే ముఖ్యంగా ఆ బైకార్బొనేటు లెక్క, 340. మీ ఇంట్లో ఆడవాళ్లని అడగండి, ఆ నీళ్లతో కందిపప్పు ఎన్ని విజిల్స్‌కి ఉడుకుతుందో. కఠిన జలంలో కాల్షియం పప్పు గింజలోని పెక్టిన్‌ని పట్టుకుని బిగిస్తుంది, అందుకే బద్ద బద్దగానే ఉంటుంది. మా అమ్మ పప్పు ఎసట్లో చిటికెడు వంటసోడా వేసేది. మన ఊళ్లలో నూతికో పేరు ఉండేది చూశారూ, ఇది పప్పు ఉడికే నుయ్యి, అది బట్టల నుయ్యి అని. అదంతా నీళ్ల పరీక్షే.

ఇక బీరుకి వద్దాం. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని మాల్ట్ అంటారు. దాన్ని కచ్చాపచ్చాగా మర ఆడించి 65 నుంచి 68 డిగ్రీల వేడి నీళ్లలో గంటసేపు నానబెడతారు. ఆ గంటలో గింజలోని ఎంజైములు పిండిని చక్కెరగా మారుస్తాయి. ఆ ముద్ద పీహెచ్ 5.2 నుంచి 5.6 మధ్య ఉంటే పని సాఫీగా నడుస్తుంది. బైకార్బొనేటు దాన్ని పైకి లాగుతుంది. కాల్షియం, మెగ్నీషియం మాల్ట్‌లోని ఫాస్ఫేట్లతో కలిసి ఆమ్లం వదిలి కిందికి లాగుతాయి. ఈ లాగుడులో ఎవరు గెలుస్తారో లెక్క కట్టే పద్ధతి 1953లో కోల్‌బాక్ అనే జర్మన్ ఇచ్చాడు. క్షారతలోంచి, 1.4తో భాగించిన కాల్షియాన్నీ 1.7తో భాగించిన మెగ్నీషియాన్నీ తీసేయాలి. మీ నీళ్లకి: 340 లోంచి 60, 24 పోతే 256 మిగులుతుంది. లేత రంగు బీరుకి ఈ అంకె సున్నా చుట్టుపక్కల ఉంటే మంచిదంటారు. 256 చాలా ఎక్కువ.

కాబట్టి మీ బావ "కాస్త" అన్నాడే, అది కాస్త కాదు.

అడ్మిన్_గంటస్తంభం | జనవరి 18, ఉదయం 8:30

చర్చ బాగుంది, కానీ ఒక మాట. ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం, 1968 ప్రకారం లైసెన్సు లేకుండా మత్తు పానీయాలు తయారు చేయడం నేరం. ఇంట్లో, సొంతానికి అన్నా మినహాయింపు లేదు. అమెరికాలో 1978లో కార్టర్ సంతకం చేసిన చట్టంతో ఇంటి బీరుకి ఫెడరల్ అనుమతి వచ్చింది: ఒక్కరున్న ఇంటికి ఏడాదికి 100 గాలన్లు, ఇద్దరు పెద్దలుంటే 200, అమ్మకూడదు. నీళ్ల లెక్కలు మాట్లాడుకోండి. "చీపురుపల్లిలో ఎలా చేయాలి" అని మాత్రం అడగొద్దు, తీసేస్తాను.

చీపురుపల్లి_కుర్రాడు | జనవరి 18, ఉదయం 8:52

అయ్యో, ఇక్కడ ఎవరూ చేయడం లేదండీ. మా అమ్మ ఇంట్లో బీరు అన్న మాట వింటేనే చీపురు తీస్తుంది. లెక్క మాత్రమే.

మాస్టారూ, పప్పు సంగతి అడిగాను. అమ్మ పప్పుకి టిన్ను నీళ్లే వాడుతోందట, ఆరేళ్లుగా. నాకు ఇప్పుడే తెలిసింది.

బావ_ఒహాయో | జనవరి 18, మధ్యాహ్నం 1:10

వివాదానికి మూలపురుషుణ్ణి నేనే. ఇంకా ఊళ్లోనే ఉన్నాను, 22న ప్రయాణం.

మాస్టారి లెక్క ఒప్పుకుంటున్నాను. "కాస్త" అన్నది గారెల మత్తులో అన్న మాట. కానీ నా అసలు వాదన వేరు. ఇంట్లో బీరు చేసేవాళ్లు మొదటి నెలలోనే ఆర్వో మిషను, ఐదు రకాల ఉప్పులు, గ్రాములో వందో వంతు తూచే తక్కెడ కొనేస్తారు. తమ కుళాయి నీళ్లలో ఏముందో మాత్రం చూడరు. నేనూ అలాగే చేశాను.

నా మొదటి పెద్ద తప్పు క్షారత కూడా కాదు, క్లోరిన్. మా ఊళ్లో నీళ్లలో క్లోరమిన్ వేస్తారు, అంటే క్లోరిన్‌కి అమ్మోనియా చేర్చినది. మామూలు క్లోరిన్ అయితే మరిగిస్తే పోతుంది, రాత్రంతా మూత తీసి ఉంచినా చాలావరకు పోతుంది. క్లోరమిన్ అంత సులువుగా పోదు. నాకది తెలీదు. మూడో బ్యాచ్, గోధుమ బీరు, 20 లీటర్లు. మూడు వారాలు ఆగి సీసా తెరిస్తే గుప్పున డెట్టాల్ వాసన. పోలిక కాదు, నిజంగా అదే జాతి: డెట్టాల్‌లో ఉండేది క్లోరోజైలెనాల్, నా బీరులో పుట్టినవి క్లోరోఫీనాల్స్. నూరు కోట్ల పాళ్లలో కొన్ని పాళ్లున్నా నాలుకకి దొరికిపోతాయి. నలభై సీసాలు ఒక్కొక్కటీ మూత తీసి సింకులో పోశాను. మా ఆవిడ పక్కన నిలబడి చూస్తోంది, ఒక్క మాట అనలేదు, అదింకా కష్టంగా ఉంది.

దానికి మందు ఒక మాత్ర. క్యాంప్‌డెన్ టాబ్లెట్ అంటారు, పొటాషియం మెటాబైసల్ఫైటు. ఒకటి నలిపి వేస్తే 75 లీటర్ల దాకా సరిపోతుంది, కొన్ని నిమిషాల్లో పని అయిపోతుంది. పైసల్లో పోయేదానికి నేను 200 డాలర్ల ఆర్వో కొన్నాను. నా కడుపుమంట అదీ.

ఇంకోటి. పిల్సెన్‌లో నీళ్లు మెత్తన, కాల్షియం పది మిల్లీగ్రాములు కూడా ఉండదు. అక్కడ 1842లో లేత బంగారు రంగు బీరు పుట్టింది. ఇంగ్లండులో బర్టన్ నీళ్లలో జిప్సం దండిగా ఉంటుంది, అక్కడ హాప్స్ (బీరుకి చేదునిచ్చే పూలు) చేదు ఖణేల్‌మనే పేల్ ఏల్ పేరు తెచ్చుకుంది, ఓడలెక్కి మన దేశానికీ వచ్చింది. డబ్లిన్‌లో క్షారత ఎక్కువ, అక్కడ నల్ల స్టౌట్. మాడ్చిన గింజల పులుపు ఆ క్షారతని సరిచేస్తుంది. నీళ్లని బట్టి బీరు చేసుకున్నారు తప్ప, వాళ్లకి ఆర్వో ఎక్కడిది? మన బోరు నీళ్లు నల్ల బీరుకి చాలావరకు సరిపోయినట్టే.

మూడులాంతర్లు | జనవరి 18, మధ్యాహ్నం 2:40

బావగారూ, ఈ కథ ప్రతి హోమ్‌బ్రూ పుస్తకంలోనూ ఉంది, అందుకే అనుమానించాలి. డబ్లిన్ ఊరి నీళ్లు ఎలా ఉన్నా, అక్కడి పేరున్న స్టౌట్ కంపెనీ వాడేది విక్లో కొండల మీంచి వచ్చే మెత్తటి నీళ్లు. ఊరి పేరు పెట్టి "డబ్లిన్ నీళ్ల ప్రొఫైల్" అని ఇంటర్నెట్‌లో దొరికే అంకెలు చూసి, మెత్తటి నీళ్లలో వంటసోడా కలుపుకుని స్టౌట్ చేసేవాళ్లున్నారు. పాపం.

అంతెందుకు, మెత్తటి నీళ్లున్న ఊళ్లలోని కంపెనీలు బర్టన్‌లా ఉండాలని జిప్సం కలపడం పంతొమ్మిదో శతాబ్దంలోనే మొదలుపెట్టాయి. దానికి బర్టనైజేషన్ అని పేరు కూడా పెట్టారు. అంటే నీళ్లని మార్చుకోవడం పాత సంప్రదాయమే. మనం మెషిను మార్చాం, అంతే.

మీ అంకెలతోనే చెప్తాను. లేత బీరు కావాలి. మీ బోరు నీళ్లు ఒక వంతు, ఆర్వో మూడు వంతులు కలపండి. క్షారత 85కి దిగుతుంది, కాల్షియం 21కి. 20 లీటర్లకి జిప్సం 3 గ్రాములు, కాల్షియం క్లోరైడు 2 గ్రాములు వేస్తే కాల్షియం 83 అవుతుంది, మాస్టారి లెక్కలో 20 వస్తుంది. శుభం. కానీ మూడు వంతులు ఆర్వోనే పోశాక ఆ మిగతా పావు బోరు ఎందుకు? ఎవరి పరువు కోసం?

బావ_ఒహాయో | జనవరి 18, మధ్యాహ్నం 3:05

డబ్లిన్ విషయంలో పాయింటు మీదే. విక్లో సంగతి తెలిసీ రాయలేదు, తప్పే.

పావు బోరు సంగతి సాయంత్రం చెప్తాను, నాన్న పిలుస్తున్నారు, టిన్నులు దింపాలట.

కవిటి_కొబ్బరి | జనవరి 18, సాయంత్రం 5:20

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి. మీరు సరదాగా మాట్లాడుకుంటున్నారు, మాట్లాడుకోండి. ఒక్క మాట మాత్రం చెప్పాలి.

మా దగ్గర నీళ్లంటే రుచి గొడవ కాదు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, ఏ ఊరికెళ్లినా డయాలసిస్‌కి వెళ్లొచ్చే ఇల్లు ఒకటైనా కనిపిస్తుంది. మా చిన్నాన్నకి కిడ్నీలు పోయినప్పుడు ఆయనకి 46. నీళ్లేనా, ఇంకేదైనానా అన్నది ఇన్ని పరిశోధనలు జరిగినా ఇదీ అని తేలలేదు. 2023 డిసెంబరులో హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీళ్లు పైపుల్లో తెచ్చే పథకం మొదలైంది, పలాసలో కిడ్నీ ఆస్పత్రి కూడా.

అందుకని "బోరు నీళ్లు గ్లాసుతో తాగి బాగున్నాయి అన్నాడు" అని చదివితే నాకు ఒళ్లు జలదరించింది. నాలుకకి తెలిసేవి కొన్నే. టీడీఎస్ మీటరుకి తెలిసేవి ఇంకా తక్కువ. ఫ్లోరైడు, నైట్రేటు, లోహాలు టెస్టు చేయించారా? బీరైనా, అంబలైనా, ముందు తాగడానికి పనికొచ్చే నీళ్లా కాదా అన్నది చూడండి. ఆ తరవాతే మీ పీహెచ్.

చీపురుపల్లి_కుర్రాడు | జనవరి 18, సాయంత్రం 6:00

అన్నా, నిజమే. రిపోర్టులో ఫ్లోరైడు 0.8, నైట్రేటు 20 ఉన్నాయి, రెండూ ప్రమాణం లోపలే. అవి రాయాలని తట్టలేదు. లోహాలు చూడలేదు. ఈసారి అడుగుతాను.

నాగావళి_గట్టు | జనవరి 18, రాత్రి 7:30

కవిటి నుంచి రాసినాయన చెప్పినది అందరూ రెండుసార్లు చదవండి. తాగునీటికి మన ప్రమాణం ఐఎస్ 10500. అందులో ఫ్లోరైడు 1 దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5. నైట్రేటు 45. పులియబెట్టినంత మాత్రాన ఇవేవీ పోవు, మరిగిస్తే నీరు తగ్గి ఇంకా చిక్కబడతాయి.

ఇప్పుడు ఆర్వో పక్షానికి నా అభ్యంతరం. ఇంటి ఆర్వో లీటరు మంచినీళ్లిస్తే రెండు మూడు లీటర్లు కాలవలో పోస్తుంది. 20 లీటర్ల బీరుకి చివరికి కావలసిన నీళ్లు ముప్ఫై లీటర్ల పైమాటే. ఎండాకాలం బిందె కోసం క్యూ కట్టిన ఊళ్లలో పుట్టినవాణ్ణి, నాకు మనసొప్పదు. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ 500 లోపు టీడీఎస్ ఉన్నచోట ఆర్వో వద్దనే చెప్పింది.

ఆర్వో లేకుండా ఈ నీళ్లని దింపవచ్చు. ఇంట్లో ఉన్నదే. మీ వేన్నీళ్ల కాగు అడుగున తెల్లటి గార చూశారా? గోటితో గీకితే పొరలు పొరలుగా ఊడుతుంది. అదే క్షారత బయటికొచ్చిన రూపం. తాత్కాలిక కఠినత్వం అని చదువుకునే ఉంటారుగా. నీళ్లని పావుగంట తెర్ల కాచి, చల్లార్చి, తేరాక పైనీళ్లు వంచుకోవాలి. లేదా సున్నపు తేట కలపాలి. మీ కాల్షియానికి 20 లీటర్లకి తడి సున్నం కాదు, పొడి సున్నం లెక్కన మూడు గ్రాములు చాలు. రెండింటిలోనూ కాల్షియం కార్బొనేటు అయి అడుగుకి చేరుతుంది. క్షారత 340 నుంచి సుమారు 150కి వస్తుంది. మెగ్నీషియం అలాగే ఉంటుంది. కాల్షియం కూడా పోతుంది గనక కోల్‌బాక్ లెక్కలో 120 చుట్టుపక్కల మిగులుతుంది.

ఆ మిగిలినదానికి లాక్టిక్ ఆసిడ్. 88 శాతం ద్రావణం 20 లీటర్లకి మూడున్నర మి.లీ. వేస్తే వంద దిగుతుంది. బీరులో లాక్టేటు లీటరుకి 180 మిల్లీగ్రాములు చేరుతుంది. 400 దాటితేనే నాలుకకి పులుపు తెలుస్తుందంటారు. అదే కాచకుండా, తేర్చకుండా, మొత్తం ఆసిడ్‌తోనే దింపుదామంటే ఎనిమిది మి.లీ. కావాలి, 425 అవుతుంది, మజ్జిగ వాసన తగులుతుంది. అందుకే ముందు కాచడం, తరవాత ఆసిడ్. వరస ముఖ్యం.

బావ_ఒహాయో | జనవరి 18, రాత్రి 9:15

మాస్టారూ, పాదాభివందనం. సున్నపు తేట నాకు తట్టనే లేదు. మా తాతగారు నీరా కోసం తాటిచెట్టుకి కట్టే ముంతలకి లోపల సున్నం రాసేవారు, పులవకుండా. అక్కడ పులుపు ఆపడానికి సున్నం, ఇక్కడ పులియబెట్టే ముందు సున్నం. కల్లులో అసలు నీళ్లే కలపరు కాబట్టి గీత కార్మికుడికి ఈ తలనొప్పి లేదు. కలిపితే వేరే తలనొప్పి.

మూడులాంతర్లు గారికి పావు బోరు సమాధానం. ఆర్వో నీళ్లు కూడా "తయారు" నీళ్లు కావు. కాల్షియం లేని నీళ్లలో లేత మాల్ట్ నానబెడితే పీహెచ్ 5.7, 5.8 దగ్గర ఆగుతుంది, అక్కడా ఆసిడో కాల్షియమో వేయాల్సిందే. కాల్షియం తక్కువైతే ఈస్ట్ సరిగ్గా అడుక్కి దిగదు, పాత్రలకి బీర్‌స్టోన్ అనే గార పట్టేస్తుంది. ఆ పావు బోరు నాకు కొంచెం కాల్షియం, కొంచెం మెగ్నీషియం ఊరికే ఇస్తోంది. పరువు కోసం కాదు.

జిప్సం అన్నారు కాబట్టి ఒక హెచ్చరిక. మన దగ్గర వేరుశనగ చేనుకి వేసే జిప్సం బస్తా ఉంటుంది, అది కాదు. తినడానికి పనికొచ్చే గ్రేడు వేరే. ఒహాయోలో మా తెలుగువాడొకడు ఫోన్‌లో అడిగాడు గనక చెప్తున్నాను.

మూడులాంతర్లు | జనవరి 18, రాత్రి 9:50

ఊరికే ఇస్తోంది, కానీ ఎంతిస్తోందో నవంబరులో చెప్పింది. మేలో ఎంత? మాస్టారి పద్ధతి పుస్తకంలో బాగుంది. ముప్ఫై లీటర్లు కాచి, చల్లార్చి, తేర్చి, మళ్లీ కాచి... గ్యాసు సిలిండరు ధర కూడా లెక్కలో వేయండి. శనివారం ఒక పూట దొరికే ఉద్యోగికి ఇది కుదరదు.

అపార్టుమెంట్ల వాళ్లకి ఒక మాట: ఉప్పు బస్తాలు పోసే సాఫ్టెనర్ నీళ్లు "మెత్తటి నీళ్లు" అనుకోకండి. అది కాల్షియం తీసి సోడియం పెడుతుంది, క్షారత ఉన్నదున్నట్టే ఉంటుంది. బీరుకి ఇంతకంటే చెడ్డ నీళ్లు లేవు.

చీపురుపల్లి_కుర్రాడు | జనవరి 19, ఉదయం 11:30

బ్రేకింగ్ న్యూస్.

బావ టీడీఎస్ మీటరు నా చేతికిచ్చాడు. మావయ్య ప్లాంటు టిన్ను నీళ్లలో ముంచాను. 95. మెంబ్రేన్ దగ్గర నేరుగా పట్టిన నీళ్లలో ముంచాను. 35. మావయ్యని అడిగాను. కాసేపు కౌంటరు మీద లెక్కల పుస్తకం సర్దారు. తరవాత చెప్పారు: "వట్టి ఆర్వో చప్పగా ఉందని జనం టిన్నులు వెనక్కి పంపారు. పదో వంతు బోరు నీళ్లు ఫిల్టరు చేసి, యూవీ పట్టించి కలుపుతాను. ఐదేళ్లయింది."

బావ అరగంట నుంచి నవ్వుతూనే ఉన్నాడు. మావయ్య మాట్లాడ్డం లేదు.

మూడులాంతర్లు | జనవరి 19, ఉదయం 11:41

తాగడానికి రుచి వేరు, బీరుకి వేరు. నా వాదన మారదు. కానీ నవ్వాను.

టీ_మాస్టర్_రాజాం | జనవరి 19, సాయంత్రం 4:10

బీరు నాకు తెలీదు, టీ తెలుసు. పద్నాలుగేళ్ల కొట్టు. కుర్రాడా, మూడు గిన్నెలు తీసుకో. బోరు, టిన్ను, మునిసిపాలిటీ కుళాయి. ఒకే పొడి, ఒకే కొలత, పాలు వద్దు, పంచదార వద్దు. నాలుగు నిమిషాలు. నువ్వే చూస్తావు.

చీపురుపల్లి_కుర్రాడు | జనవరి 20, రాత్రి 8:20

చేశాం. మునిసిపాలిటీ నీళ్లు విజయనగరంలో పిన్ని ఇంటి నుంచి సీసాలో తెచ్చాను.

బోరు డికాషన్ నల్లగా, మొద్దుగా ఉంది. ఐదు నిమిషాలకి పైన ఒక పొర కట్టింది, లైటు కింద నూనెలా మెరుస్తోంది. చెంచాతో తోస్తే పలకలు పలకలుగా విరిగి గ్లాసు అంచుకి అంటుకుంది. రుచి వగరు, నాలుక మీద సున్నం రాసినట్టు. టిన్ను డికాషన్ ఎర్రగా మెరిసింది, వాసన ఎక్కువ, పొర లేదు. కుళాయి నీళ్లు ఈ రెండింటికీ మధ్య, కొంచెం బ్లీచింగ్ వాసనతో. బోరు గ్లాసులో నాలుగు చుక్కలు నిమ్మరసం పిండితే ఒక్కసారిగా రంగు తేలికైపోయింది, పొర కరిగింది. అమ్మ కూడా వచ్చి చూసింది.

బావ అన్నాడు, బీరులో వగరు కూడా ఇంతేనట. చివర్లో వేడినీళ్లు పోసి గింజని కడిగేటప్పుడు ఆ ముద్ద పీహెచ్ 6 దాటితే పొట్టులోంచి టానిన్లు దిగిపోతాయట. నిమ్మచుక్క చేసిన పనే అక్కడ లాక్టిక్ ఆసిడ్ చేస్తుందట.

నాగావళి_గట్టు | జనవరి 20, రాత్రి 9:00

ఆ పొర కాల్షియం, బైకార్బొనేటు, టీలోని పాలీఫీనాల్స్ కలిసి గాలి తగిలినప్పుడు కట్టినది. ముప్ఫై ఏళ్లు బోర్డు మీద సమీకరణాలు రాశాను, ఈ ప్రయోగం ఒక్కసారి చేయించి ఉంటే బాగుండేది.

బావ_ఒహాయో | మార్చి 23, రాత్రి 7:45 (మీకు 24 తెల్లవారుజాము)

రెండు రకాల నీళ్లతోనూ చేసి చూసి చెప్తానని బయల్దేరే ముందు ఇంట్లో మాటిచ్చాను కాబట్టి రిపోర్టు. చీపురుపల్లి బోరు నీళ్లు విమానంలో తేలేను కదా, మా ఊరి నీళ్లలో సోడా, సున్నం, జిప్సం కలిపి కుర్రాడి అంకెలకి దగ్గరగా తెచ్చాను. ఇక్కడ మా ఊరివాళ్లు ఏటా ఇచ్చే నీటి రిపోర్టులో క్షారత ఉండదు, ఫోన్ చేస్తే ఒకాయన ఓపిగ్గా చదివి చెప్పాడు.

ఒకే రెసిపీ, లేత ఏల్, రెండు పదేసి లీటర్లు. ఒకటి మాస్టారి పద్ధతి: కాచి, తేర్చి, లాక్టిక్. కాచే రోజు ఒక ఆదివారం మొత్తం పోయింది, మూడులాంతర్లు గారన్న మాట నిజమే. రెండోది ఆర్వో, జిప్సం, కాల్షియం క్లోరైడు. ముద్ద పీహెచ్ మొదటిది 5.45, రెండోది 5.4.

ఆరుగురికి మూడేసి గ్లాసులు ఇచ్చాను. రెండు ఒకటే, ఒకటి వేరు, ఏది వేరో చెప్పాలి. కళ్లు మూసుకుని చెప్పినా ఆరుగురిలో ఇద్దరికి తగులుతుంది. ముగ్గురు సరిగ్గా చెప్పారు. ఆ ముగ్గురిలో ఇద్దరికి ఆర్వో నచ్చింది, ఒకడికి తేర్చిన నీళ్లది. మా ఆవిడ రెండూ ఒకటేనంది, డెట్టాల్ లేదు చాలంది.

మూడులాంతర్లు | మార్చి 24, ఉదయం 7:10

ఆరుగురితో ఏం తేలుతుంది? ఇరవై మందిని పిలవండి. పైగా మీరు కలిపిన నీళ్లు, బోరు నీళ్లు కావు.

చీపురుపల్లి_కుర్రాడు | మార్చి 24, ఉదయం 9:00

మావయ్యకి చదివి వినిపించాను. "ముగ్గురు పట్టేశారుగా" అన్నారు. బావకి ఫోన్ చేస్తే "ముగ్గురు పట్టలేకపోయారుగా" అంటున్నాడు. మే నెల టెస్టుకి బోరు నీళ్లు పట్టడానికి ల్యాబ్ సీసా తెచ్చాను, ఈసారి లోహాలు కూడా రాయించాను. టీ ప్రయోగానికి వాడిన రెండు టిన్నుల డబ్బులు మాత్రం మావయ్య నా దగ్గరే పట్టుకున్నారు.